పడమర ముఖం, 200 గజాలు: చల్లగా ఉండే, నేలకు భారం కాని ఇల్లు కట్టాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హనుమకొండ శివార్లలో 30×60 స్థలం, రోడ్డు పడమరన ఉంది. జీ ప్లస్ వన్ కట్టాలి. పర్యావరణానికి మేలు చేసే ఇల్లు కావాలని మీకుంది. నాన్నగారికి వాస్తు పట్టింపు. మేస్త్రీ ఏమో "గ్రీన్ బిల్డింగ్ అంటే డబ్బున్నోళ్ల సరదా సార్" అంటున్నాడు. కొందరు మట్టి ఇల్లు కట్టమంటున్నారు. ఇలాంటి ఇంటివల్ల లాభం ఎవరికి, ఏసీ లేకుండా ఉండొచ్చా అని అడిగారు.

మేస్త్రీ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. నాలుగు వైపులా అద్దాలు బిగించి, పగలంతా ఏసీ నడుపుతూ, గుమ్మం దగ్గర గ్రీన్ రేటింగ్ ఫలకం తగిలించుకున్న ఆఫీసులు హైదరాబాద్‌లో తక్కువేం లేవు. వాటిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అదే హైదరాబాద్‌లో, హైటెక్ సిటీ దగ్గర, సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కూడా ఉంది. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. గ్రీన్ భవనాలకు ఇచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికంటే పైదైన ప్లాటినం అమెరికా బయట తెచ్చుకున్న మొదటి భవనం అదే. అందులో ఏముందో చూస్తే, మధ్యలో ఆకాశం కనిపించే గుండ్రటి ముంగిలి, చుట్టూ గదులు, ఎండను వడగట్టే జాలీ గోడలు, గాలిని లోపలికి దించే రెండు బురుజులు, కప్పు మీద మట్టి, మొక్కలు. వాడిన నీళ్లను మొక్కల వేళ్ల మధ్య నుంచి పంపి శుభ్రం చేసి తోటకు వాడతారు. సోలార్ పలకలు, మంచి ఏసీ యంత్రాలు కూడా ఉన్నాయి, కాదనను. అయినా అసలు పని చేసేది ఆ ముంగిలి, ఆ నీడ. గోదావరి జిల్లాల మండువా లోగిలికి దూరపు చుట్టం లాంటి భవనం అది.

కాబట్టి గ్రీన్ అంటే ఏ సామాను కొనాలి అన్న దగ్గర మొదలుపెట్టొద్దు. వరస ఇలా పెట్టుకోండి. ముందు ఎండను ఆపడం, తర్వాత గాలి, తర్వాత తక్కువ సిమెంటు, తక్కువ ఇనుము, తర్వాత నీళ్లు, అవన్నీ అయ్యాక సోలార్, ఏసీ. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఇల్లంతా పొయ్యిలా కట్టి, దాన్ని చల్లార్చడానికి మూడు ఏసీలు పెట్టి, ఆ కరెంటు బిల్లుకు భయపడి సోలార్ వేయిస్తారు. అది మేస్త్రీ చెప్పినట్టు నిజంగానే డబ్బున్నోళ్ల సరదా.

మీ ఊళ్లో ఎండ ఎలా పడుతుందో ఒక్కసారి చూద్దాం, సగం నిర్ణయాలు దాంతోనే తేలిపోతాయి. హనుమకొండ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం వేళ కొంచెం ఉత్తరానికే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద నేరుగా ఎండ దాదాపు పడదు. దక్షిణం వైపు కిటికీ పెడితే ఇల్లు కాలిపోతుందని చాలామంది భయపడతారు గానీ, అటు ఎండ పడేది చలికాలంలో. అప్పుడది హాయిగానే ఉంటుంది. పైగా దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే మార్చి నెల మధ్యాహ్నం ఎండను సుమారు ఆరడుగుల కింది దాకా ఆపుతుంది.

పడమర అలా కాదు. మధ్యాహ్నం రెండున్నర నుంచి సూర్యుడు కిందికి దిగుతూ గోడకు ఎదురుగా నిలబడతాడు. సన్‌షేడ్ కింద నుంచి ఎండ నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. ఇక కప్పు సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కాలుతూనే ఉంటుంది. మీ స్థలం పొడవు తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి పడమర గోడ 30 అడుగులకు మించదు, ఉత్తరం దక్షిణం గోడలకు పక్కింటి వాళ్ల నీడ ఎలాగూ ఉంటుంది. ఇది మీ అదృష్టం. మీరు జయించాల్సింది కప్పును, ఆ 30 అడుగుల ముఖాన్ని.

కప్పు దగ్గర మొదలుపెడదాం. మే నెలలో రాత్రి ఏడు, ఎనిమిదింటికి ఏదైనా ఇంటి పై అంతస్తులో స్టూలెక్కి స్లాబు అడుగున అరచేయి ఆనించి చూడండి. బయట ఎండ పోయి చాలాసేపయినా అది వెచ్చగా తగులుతుంది. ఐదంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం తాగిన వేడిని కిందికి పంపడానికి మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఫ్యాను వేస్తే ఆ స్లాబుకు తగిలి వేడెక్కిన గాలినే మన మీదికి తోస్తుంది. అందుకే పై అంతస్తులో పడుకున్నవాళ్లు ఫ్యాను పెంచినకొద్దీ చిరాకు పడతారు. దీనికి మన వాళ్లు చేసే మొదటి పని ఫాల్స్ సీలింగ్. కొంచెం ఉపశమనం ఉంటుంది గానీ, వేడి అప్పటికే స్లాబులోకి వచ్చేసింది. దాన్ని పైనే ఆపాలి.

ఎలా అంటే, చవక నుంచి ఖరీదు దాకా దారులున్నాయి. అన్నిటికంటే చవక, డాబా మీద తెల్ల సున్నం. బంక కలిపి రెండు పూతలు వేస్తే ఒక ఎండాకాలం గట్టెక్కుతుంది, వానలకు సగం పోతుంది, మళ్లీ వేసుకోవాలి. తర్వాతది కూల్ రూఫ్ పెయింటు. కొన్నేళ్లు నిలుస్తుంది, అయితే దుమ్ము పడితే తెలుపు పని తగ్గుతుంది కాబట్టి ఎండాకాలం ముందు కడగాలి. కొత్త ఇల్లు కాబట్టి నేనైతే చైనా మొజాయిక్ వేయించమంటాను. తెల్ల టైల్సు ముక్కలు వాలు సరిచేసి పరిస్తే వాటర్‌ప్రూఫింగ్‌కు రక్షణ, ఎండకు తిరుగుటపా, రెండూ ఒకే ఖర్చులో అయిపోతాయి. టైల్సు షాపుల్లో విరిగిన సరుకు అడిగితే చవకగా ఇస్తారు. హైదరాబాద్‌లో 2017లో పేదల ఇళ్ల మీద కూల్ రూఫ్ పొర వేసి చూసినప్పుడు లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనకండి. నిద్ర పట్టడానికి, పట్టకపోవడానికి మధ్య తేడా తరచుగా అంతే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మీ 200 గజాలకు ఆ నిబంధన రాదు, ఎండ మాత్రం అదే.

బడ్జెట్ ఇంకొంచెం సాగితే స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) పరిచి, దాని మీద కాంక్రీటు పొర, ఆ పైన తెల్ల టైల్స్. కేంద్రం 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది. కప్పు గుండా వేడి ఎంతకు మించి రాకూడదో అందులో ఒక హద్దు పెట్టారు. మనం మామూలుగా వేసే వట్టి స్లాబు ఆ హద్దుకు దాదాపు రెండున్నర రెట్లు వేడిని వదులుతుంది. ఈ బోర్డు ఒక్కటి వేస్తే వచ్చే వేడి ఆ హద్దులో సగానికి కూడా చేరదు. గ్రౌండ్ ఫ్లోరు మీద మళ్లీ అంతస్తు ఉంది కాబట్టి పై స్లాబు ఒక్కదానికే ఈ ఖర్చు. ముఖద్వారం టేకు చెక్కడాల మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించినా ఇది వచ్చేస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు చెక్కడాలను మెచ్చుకుంటారు, కప్పును ఎవరూ మెచ్చుకోరు. అక్కడే వస్తుంది చిక్కు.

ఇప్పుడు పడమర, దానితో పాటు వాస్తు. నాన్నగారితో గొడవ పడొద్దు, నిజంగానే అవసరం లేదు. పెద్ద పడకగది నైరుతిలో రావాలంటారు. ఎండ లెక్కన చూస్తే ఇంట్లో సాయంత్రం ఎక్కువగా కాలేది ఆ మూలే. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం మూడింటి వేడిని రాత్రి తొమ్మిది, పదింటికి లోపలికి వదులుతుంది, సరిగ్గా మీరు పడుకునే టైముకు. కానీ అదే వాస్తు నైరుతి బరువుగా, ఎత్తుగా ఉండాలంటుంది కదా, దాన్ని వాడుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకును సరిగ్గా ఆ గది మీదకే తీసుకురండి, అడుగున ఖాళీ ఉండేలా దిమ్మెల మీద పెట్టండి. స్లాబుకు నీడ దొరుకుతుంది. పడకగదిలో వార్డ్‌రోబ్‌ను పడమర గోడ పొడవునా కట్టించండి. బట్టలతో నిండిన రెండడుగుల బీరువా మంచి అడ్డు. వీలైతే మెట్లు పడమర ముఖానికి తీసుకురండి, గోడకూ గదికీ మధ్య అదొక దిండులా పని చేస్తుంది. ఉత్తరం, తూర్పు ఎక్కువ ఖాళీ వదలాలన్న నియమంతో ఇల్లు పడమరకు జరిగిపోయి, చెట్టు పెట్టాల్సిన చోటే జాగా లేకుండా పోవడం మామూలుగా జరిగే నష్టం. మీకు రోడ్డు పడమరనే ఉంది కాబట్టి గేటు పక్కన కానుగ మొక్క ఒకటి ఇల్లు మొదలుపెట్టిన రోజే పాతేయండి. ఇల్లు పూర్తయ్యేసరికి అది మనిషెత్తు దాటుతుంది. కోనోకార్పస్ మాత్రం వద్దు, దాని వేళ్లు సంపును, డ్రైనేజీ పైపులను వెతుక్కుంటూ పోతాయి.

పడమర గోడను పూర్తిగా మూసేయమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఎండాకాలం చివర, వానాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వస్తుంది. గోడ మూస్తే ఎండతో పాటు గాలీ పోతుంది. కాబట్టి మూయడం కాదు, నీడ పెట్టాలి. కింద కారు నిలిపే పోర్టికో, వసారా ఎలాగూ పడమరకే వస్తాయి, కింది అంతస్తుకు అదే గొడుగు. పైన ఐదడుగుల బాల్కనీ, దాని అంచున సగం దాకా టెర్రకోట జాలీ. మిగతా సగానికి ఎండాకాలం నాలుగు నెలలు వెదురు తడకలు దించుకుంటే చాలు. మన తాతల కాలంలో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. వరంగల్ లాంటి పొడి వేడిలో అది ఇప్పటికీ పని చేస్తుంది. ఎలివేషన్ కోసం ముఖం మీద పెద్ద అద్దం పెడదామని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

కిటికీల గురించి ఒక మాట. ఈ మధ్య అందరూ పెట్టిస్తున్న యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. ఆరడుగుల కిటికీకి డబ్బు కట్టి మూడడుగుల గాలి కొనుక్కుంటున్నారు. రెక్కలు తెరుచుకునే కిటికీ పెట్టించండి. ప్రతి గదికీ రెండు వేర్వేరు గోడల మీద తెరపి ఉండేలా చూడండి. రెండోది కుదరకపోతే తలుపు పైన వెంటిలేటరైనా పెట్టండి. పాత ఇళ్లలో ఉండే ఆ చిన్న వెంటిలేటర్లను మనం ఏసీ పేరు చెప్పి తీసేశాం, వేడి గాలి పైకెక్కి అక్కడే చిక్కుకుంటోంది. పక్కింటికీ మీకూ మధ్య మీటరు, మీటరున్నర ఖాళీయే ఉంటుంది కాబట్టి ఉత్తరం దక్షిణం కిటికీల నుంచి పెద్దగా గాలి ఆశించలేం. అందుకని మెట్ల గదిని వాడుకోవాలి. డాబా మీద మెట్లు తేలే చోట హెడ్ రూమ్ ఎలాగూ కడతారు. దాన్ని ఇంకో రెండడుగులు ఎత్తు లేపి, పైన నాలుగు వైపులా వాన పడని రెక్కల కిటికీలు పెట్టండి. ఇంటి వేడంతా మెట్ల దారిన పైకి పోయి, కింద కిటికీల నుంచి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. మోటార్లు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. ఏప్రిల్, మే నెలల్లో పగలు పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా కిటికీలు మూసే ఉంచాలి. బయట 43 డిగ్రీలున్నప్పుడు వచ్చేది గాలి కాదు, వడగాలి. రాత్రి తెరిచి తెల్లారేదాకా ఉంచితే గోడలు చల్లబడతాయి. ఈ పద్ధతి వరంగల్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ప్రాంతాలకు నప్పుతుంది. రాయలసీమ మిద్దెల మందపాటి గోడలు, మట్టి కప్పులు చేసేది కూడా ఇదే. కాకినాడలోనో మచిలీపట్నంలోనో కడుతున్నవాళ్లు ఇది చదివి ఇలాగే చేస్తే ఉక్కపోతతో చస్తారు. అక్కడ రాత్రి కూడా పెద్దగా చల్లబడదు, గాలిలో తడి ఎక్కువ. వాళ్లకు కావాల్సింది మందం గోడలు కాదు, పగలూ రాత్రీ ఒంటికి తగిలే గాలి, లోతైన వసారాలు. కోస్తా తీరంలో చుట్టిళ్లు గుండ్రంగా కట్టుకున్నది తుపాను గాలి పట్టు దొరక్కుండా జారిపోవడానికి. ఒక ఊరి మంచి ఇల్లు ఇంకో ఊరికి చెడ్డ ఇల్లు కావచ్చు. యూట్యూబ్‌లో కేరళ ఇళ్లు చూసి అదే ప్లాన్ అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

సామాను దగ్గరికొద్దాం. ఇంటి వల్ల ప్రకృతికి పడే భారంలో పెద్ద వాటా సిమెంటు, ఇనుముదే. ఓపీసీ, అంటే బూడిద కలపని మామూలు సిమెంటు, ఒక్క బస్తా తయారవడానికి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పీపీసీ సిమెంటులో మూడో వంతు దాకా థర్మల్ కేంద్రాల బూడిదే ఉంటుంది కాబట్టి ఆ మేరకు భారం తగ్గుతుంది, సాధారణంగా ధర కూడా ఓపీసీ కంటే తక్కువే. ప్లాస్టరింగ్‌కు, గోడకట్టుకు 53 గ్రేడ్ ఓపీసీ అవసరమే లేదు. మేస్త్రీలు త్వరగా గట్టిపడుతుందని అదే అడుగుతారు. మీరు పీపీసీ తెప్పించి, క్యూరింగ్ మాత్రం వారానికి సరిపెట్టకుండా పది రోజులు చేయించండి.

ఇంతకంటే పెద్ద ఆదా స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర ఉంది. 200 గజాల ఇంటికి ఇంజినీరు ఎందుకని, మేస్త్రీ లెక్కతో పిల్లర్లు లేపేవాళ్లే ఎక్కువ. భయానికి రెండు రాడ్లు ఎక్కువ వేస్తాడు, కానీ వేయాల్సిన చోట రింగులు దూరం దూరంగా కడతాడు. ఇనుము ఎక్కువ, బలం తక్కువ. సరైన డ్రాయింగుకు మీరిచ్చే ఫీజు చాలాసార్లు ఆదా అయిన ఇనుములోనే తిరిగొస్తుంది. అలాగే 1,200 అడుగుల ఇంటికి 1,000 అడుగులు సరిపోతుందేమో కూర్చుని ఆలోచించండి. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం కట్టే గెస్ట్ రూమ్ మానేయడం కంటే గ్రీన్ పని ఇంకోటి లేదు.

ఇటుకల విషయంలో ఒక అపోహ తీసేయాలి. ఫ్లై యాష్ ఇటుక వాడితే ఇల్లు చల్లగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది మట్టి ఇటుక కంటే చల్లనేం కాదు. దాని మేలు వేరే చోట ఉంది. బట్టీ ఇటుక కోసం పొలాల పైమట్టి తవ్వుతారు, బొగ్గు కాలుస్తారు. ఫ్లై యాష్ ఇటుకకు ఆ రెండూ అక్కర్లేదు, రామగుండం లాంటి చోట గుట్టలు పడి ఉండే బూడిద ఖర్చవుతుంది, సైజు సమానంగా ఉండి ప్లాస్టరు తక్కువ పడుతుంది. వేడిని ఆపే గోడ కావాలంటే ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకులు. వాటి నిండా గాలి బుడగలే, నీళ్లలో వేస్తే తేలుతాయి. మీకు దగ్గర్లోని రామప్ప గుడి శిఖరానికి 1213 నాటి శిల్పులు వాడింది కూడా నీళ్లపై తేలే ఇటుకలే, అక్కడ ఉద్దేశం బరువు తగ్గించడం. బ్లాకు తేలికైతే పిల్లర్లకూ పునాదికీ భారం తగ్గి ఇనుము కూడా తగ్గుతుంది. కాకపోతే ఏఏసీ కట్టడం తెలియని మేస్త్రీ చేతిలో పెడితే ప్లాస్టరు పగుళ్లు ఖాయం. పిల్లరుకూ బ్లాకుకూ కలిసే చోట ప్లాస్టరు కింద మెష్ (సన్న వల) కొట్టించాలి, వాటికి సరిపడే పల్చటి మోర్టారే వాడాలి. మీ ఇంటికి నా సలహా, పడమర ముఖానికి ఏఏసీ, మిగతా మూడు వైపులా ఫ్లై యాష్ ఇటుక.

ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ గోడ గురించి కూడా వినే ఉంటారు. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో మూడంగుళాల ఖాళీ వచ్చేలా కడతారు. పావు వంతు ఇటుకలు మిగులుతాయి, మధ్యలో గాలి వేడిని ఆపుతుంది. తిరువనంతపురంలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ దశాబ్దాలుగా చెక్కుచెదరకుండా ఉంది. మీకు పని తెలిసిన మేస్త్రీ దొరికితే చేయించండి, లేదంటే మీ ఇంటి మీద నేర్పించొద్దు.

నేలకు వెట్రిఫైడ్ టైల్స్ బదులు తాండూరు బండలో, షాబాద్ బండలో వేయించండి. దగ్గర్లో దొరికే రాయి, బట్టీలో కాల్చే పని లేదు, మే నెలలో వట్టి కాళ్లతో నడిస్తే తేడా మీకే తెలుస్తుంది. తలుపులకు పాత ఇళ్లు కూల్చిన చోట పాత కలప దొరుకుతుంది, అది ఎండి ఎండి ఉంటుంది కాబట్టి కొత్త కలపలా వంకర పోదు. ఇసుకకు బదులు ప్లాస్టరింగ్ మినహా మిగతా పనికి రోబో శాండ్ వాడొచ్చు. వాగులకు కాస్త ఊపిరి.

మట్టి ఇల్లు గురించి. నాకు మట్టి ఇళ్లంటే చాలా ఇష్టం, కానీ మీకు వద్దంటాను. రెండంతస్తులు మట్టితో కట్టకూడదని కాదు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో యంత్రంతో ఒత్తిన మట్టి దిమ్మెలకు ఐదు శాతం సిమెంటు కలిపి అంతస్తుల భవనాలే కట్టారు. కానీ దానికి సరైన మట్టి కావాలి, చేయి తిరిగిన పనివాళ్లు కావాలి. మట్టి సంగతి మీరే చూసుకోవచ్చు. గాజు సీసాలో సగం మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున గరుకు, ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమట్టి పొరలుగా తేరుతాయి. అడుగున ఇసుక, గరుకు మూడింట రెండు వంతులు ఉంటే దిమ్మెలకు పనికొస్తుంది. నల్లరేగడి అయితే ఆ ఆలోచనే మానుకోండి, అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. నిజంగా చూసి నిర్ణయించుకోవాలనుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీలో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది. మట్టి దిమ్మెలు, రకరకాల కప్పులతో నమూనా ఇళ్లు కట్టి పెట్టారు. మేస్త్రీని కూడా వెంట తీసుకెళ్లండి. మీరు వంద మాటలు చెప్పేకంటే ఆయన ఒక్కసారి గోడ తట్టి చూసుకుంటే నమ్ముతాడు.

నీళ్ల విషయం త్వరగా చెప్పేస్తాను. మీ డాబా 100 చదరపు మీటర్లు అనుకుంటే, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే 90 వేల లీటర్లు. ఆవిరై, కారి పోయింది తీసేసినా 70 వేల లీటర్లు చేతికొస్తాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. వాననీళ్లను నేలలోకి ఇంకించమనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఇంకుడు గుంత అనుమతి కాగితంలో ఉంటుంది, ఇంటి ముందు మాత్రం గ్రానైటు పరిచి ఉంటుంది. మొదటి వాన నీళ్లు బయటికి వదిలి, తర్వాతవి వడపోసి సంపులోకి, నిండాక బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపండి. స్నానాల నీళ్లను మురుగు పైపులో కలపకుండా వేరే పైపు వేయించి, వెనక అరటి, మెట్టతామర మొక్కల్లోకి వదిలితే ఎండాకాలంలో తోటకు మళ్లీ నీళ్లు పెట్టే పని ఉండదు. ఆ వేరే పైపు ఇప్పుడు వేయడం చాలా తేలిక, తర్వాత టైల్స్ పగలగొట్టి వేయడం ఎవరివల్లా కాదు.

ఇక లాభం ఎవరికి అన్న ప్రశ్న. ముందు ఇంట్లో మనుషులకు. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. చాలామంది ఎండలో పని చేసేవాళ్లు, ముసలివాళ్లు. పగలు ఎండలో తిరిగిన శరీరానికి రాత్రయినా చల్లబడే అవకాశం ఉండాలి. ఇల్లే రాత్రంతా వేడి కక్కుతుంటే ఆ అవకాశం పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారని రాశారు, కరెంటు పోయిన మే రాత్రి వాళ్లు ఎలా పడుకుంటారు అన్నదే మీ ఇంటికి అసలు పరీక్ష. వంటింట్లో రోజుకు నాలుగైదు గంటలు గడిపే వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి. ఆగ్నేయం వంటగదికి తూర్పున కిటికీ, దక్షిణాన గోడ పైభాగంలో వెంటిలేటరు, రెండూ ఉండాలి.

బయటి వాళ్లకూ ఉంది లాభం. ఏసీ గదిలో వేడిని మాయం చేయదు, బయటికి నెడుతుంది. మీటరు సందులో మీ అవుట్‌డోర్ యూనిట్ పక్కింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది, వాళ్లది మీకు ఎదురుగా. వాళ్లు ఆ కిటికీ మూసి వాళ్లూ ఏసీ కొంటారు. ఒక వీధి ఇలాగే వేడెక్కుతుంది. మీ కప్పు తెల్లగా ఉండి ఒక ఏసీ తగ్గితే ఆ సందులో అందరికీ అంత మేలు.

ఏసీ లేకుండా ఉండొచ్చా అంటే, చెప్పినవన్నీ చేస్తే పది నెలలు నిశ్చింతగా ఉండొచ్చు. మే నెలలో మాత్రం పెద్దవాళ్ల పడకగదికి ఒకటి పెట్టండి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఫ్యానుతో కలిపి 26 మీద పెడితే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి తీసుకోండి, మామూలువి 75 వాట్లు తాగే చోట అవి 30 దగ్గర సరిపెట్టుకుంటాయి. అప్పుడు మూడు కిలోవాట్ల సోలారే మీ ఇంటికి ఎక్కువ. రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తుంది, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ ఉంది. దాదాపు 300 చదరపు అడుగుల జాగా పడుతుంది. పలకలను నేలబారుగా కాకుండా ఎనిమిదడుగుల ఎత్తు ఫ్రేము మీద పడకగదుల పైన పెట్టించండి. కింద బట్టలారేసుకోవచ్చు, ఆ మేరకు స్లాబుకు నీడా ఉంటుంది.

ఇవన్నీ స్లాబు వేసే రోజుకు ముందే డ్రాయింగులో ఉండాలి. సోలార్ ఫ్రేముకు బోల్టులు స్లాబులోనే పెట్టించండి, తర్వాత డ్రిల్లు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. సోలార్ వైరుకు డాబా నుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు, వాననీళ్ల పైపులు రెండూ సంపు వైపుకే దిగేలా వాలు, స్నానాల నీళ్లకు వేరే పైపు, ట్యాంకు దిమ్మెల కింద అదనపు ఇనుము. సెంట్రింగ్ అయ్యాక, కాంక్రీటు లారీ రాకముందు, ఎలక్ట్రీషియన్‌ను, ప్లంబర్‌ను ఒకేసారి పైకి పిలిచి ఈ ఐదూ ఉన్నాయో లేదో వాళ్ల ఎదురుగానే చూసుకోండి.